ఏడాదిలోపు తీర్చాల్సిన డాలర్లు: ఇండియా, దక్షిణ కొరియా అప్పుల లెక్క ఎలా చదవాలి?

1991 జూలైలో మన రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో లండన్‌కు పంపి తాకట్టు పెట్టింది. 1998 జనవరిలో దక్షిణ కొరియా జనం బ్యాంకుల ముందు క్యూ కట్టి పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజుకు బంధువులు పెట్టిన చిన్న ఉంగరాలు తీసి ఇచ్చారు. అలా సుమారు 35 లక్షల మంది దగ్గర నుంచి 220 టన్నులకు పైగా బంగారం పోగైంది. ఒక దేశంలో సర్కారు గుట్టుగా పంపింది, ఇంకో దేశంలో జనం బహిరంగంగా ఇచ్చారు. రెండు చోట్లా వెనక ఉన్న ఇబ్బందుల్లో ఒకటి మాత్రం అచ్చంగా ఒకటే: ఏడాదిలోపు తీర్చాల్సిన డాలర్ అప్పు ఎదురుగా ఉంది, తీర్చడానికి చేతిలో డాలర్లు లేవు.

దేశం మీద ఇన్ని లక్షల కోట్ల అప్పు ఉందని పేపర్లో వచ్చినప్పుడు అందరం ఆ పెద్ద అంకె చూసి కంగారుపడతాం. నిజానికి ఆ అంకె ఒక్కటే చూస్తే పెద్దగా తెలిసేది ఏమీ ఉండదు. అందులో ఎంత ఏడాదిలోపు కట్టాలి, ఎవరి కరెన్సీలో కట్టాలి, కట్టడానికి పెట్టెలో ఎంత ఉంది అనే మూడు సంగతులు చూడాలి. గల్ఫ్‌లో మనవాళ్లున్న ప్రతి ఇంటికీ ఈ లెక్కతో సంబంధం ఉంది. ఎలాగో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

చేబదులుతో ఇల్లు కట్టినట్టు

ఒకాయన అద్దెకిచ్చే మూడంతస్తుల బిల్డింగ్ కడుతున్నాడు అనుకోండి. అద్దెలతో పెట్టుబడి తిరిగి రావాలంటే పదిహేనేళ్లు పడుతుంది. కానీ డబ్బు మాత్రం ఆరు నెలలకు తిరిగిచ్చేస్తానని నలుగురు దోస్తుల దగ్గర ఖర్జ్ తెచ్చాడు. ఆరు నెలలు కాగానే వాళ్లు 'ఫరవాలేదు భాయ్, ఇంకో ఆరు నెలలు ఉంచుకో' అంటారు. ఇలా ఏళ్ల తరబడి నడుస్తుంది. అది ఆరు నెలల అప్పు అన్న సంగతే ఆయన మర్చిపోతాడు.

ఒకరోజు నలుగురిలో ఒకాయనకు అవసరం పడి తన డబ్బు అడుగుతాడు. ఆ మాట మిగతా ముగ్గురి చెవిన పడుతుంది. మర్నాటికి నలుగురూ గుమ్మం ముందు ఉంటారు. బిల్డింగ్ విలువేమీ తగ్గలేదు, అద్దెలూ వస్తూనే ఉన్నాయి. అయినా మెట్లు ఒక్కటే అమ్మి అప్పు తీర్చలేడు కదా. పైగా అడిగినవాళ్లు తాము ఇచ్చిన డాలర్లనే తిరిగి అడుగుతుంటే, ఈయనకు వచ్చే అద్దె రూపాయల్లో ఉంటే పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది.

దేశాల స్వల్పకాలిక విదేశీ అప్పు సంగతి అచ్చం ఇదే. గడువు తీరిన అప్పును మళ్లీ కొనసాగించడాన్ని బ్యాంకులవాళ్లు రోల్ ఓవర్ అంటారు. రోల్ ఓవర్ జరుగుతున్నంత కాలం ఎవరికీ ఏమీ కనిపించదు. అది ఆగిపోయే రోజు ముందుగా చెప్పి రాదు.

ఈ అప్పు చాలా రూపాల్లో ఉంటుంది. విదేశీ బ్యాంకులు ఇచ్చే అప్పులు, ఆయిల్ లాంటి దిగుమతులకు అమ్మినవాళ్లు ఇచ్చే ఉద్దెర, విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇక్కడ వేసే డిపాజిట్లు, చేతులు మారే రుణపత్రాలు. ట్రెజరీ బిల్లులు, కమర్షియల్ పేపర్లు ఈ చివరి రకం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్మెంట్స్ అనే సంస్థ ఉంది. ఏ దేశం అంతర్జాతీయ రుణపత్రాలు ఎన్ని, అందులో ఏడాదిలోపువి ఎన్ని అని అది మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. దేశాన్నీ దేశాన్నీ పోల్చేవాళ్లు ఆ గ్రాఫులే పక్కపక్కన పెడతారు. నా మాట అడిగితే ఇండియా, కొరియా విషయంలో రుణపత్రాలు ఒక్కటే పోల్చడం దండగ. మన స్వల్పకాలిక అప్పులో ఎక్కువ భాగం దిగుమతుల ఉద్దెర, కొరియాది ఎక్కువగా బ్యాంకులు తెచ్చిన అప్పు. పత్రాల గీత కిందే ఉందని నిశ్చింతగా కూర్చుంటే, ప్రమాదం పక్క తలుపు నుంచి వస్తుంది. అందుకే ఇక్కడ ఏడాదిలోపు అప్పు మొత్తాన్నీ చూద్దాం.

1991: కువైట్ నుంచి మొదలైన గండం

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. మన జిల్లాల నుంచి వెళ్లి అక్కడ పనిచేస్తున్న కుటుంబాలు ఆ రోజుల్ని మర్చిపోలేదు. లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లు పంపే డబ్బు ఆగింది. అదే సమయంలో ఆయిల్ ధర పెరిగి దిగుమతుల బిల్లు ఉబ్బింది. రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి.

అప్పటికే దేశం ఏడాదిలోపు అప్పుల మీద చాలా ఆధారపడి ఉంది. 1991 మార్చి చివరికి అలాంటి అప్పు సుమారు 850 కోట్ల డాలర్లు. విదేశీ మారక నిల్వలు 580 కోట్ల డాలర్లు. అంటే ప్రతి 100 డాలర్ల నిల్వకు దాదాపు 147 డాలర్ల స్వల్పకాలిక అప్పు ఉందన్నమాట.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ 580 కోట్లలో దాదాపు 350 కోట్లు బంగారం విలువ. బంగారంతో ఆయిల్ ట్యాంకర్‌కు బిల్లు కట్టలేం. వెంటనే ఖర్చుపెట్టగల విదేశీ కరెన్సీ సుమారు 220 కోట్లే. దాంతో పోలిస్తే అప్పు నాలుగింతలకు కాస్త తక్కువ. జూలైకి ఆ కరెన్సీ కూడా కరిగి 100 కోట్ల లోపుకు దిగింది. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత. విదేశీ బ్యాంకులు రోల్ ఓవర్ చేయడం మానేశాయి. ప్రవాస భారతీయులు డిపాజిట్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఏ ఇంట్లోనైనా కష్టార్జితం మునుగుతుందేమో అన్న భయం పుడితే ఎవరైనా చేసేది అదే.

1991 మేలో ముందుగా 20 టన్నుల బంగారం స్విస్ బ్యాంకు ద్వారా వెళ్లింది. జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు. జూలై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. తర్వాత ఆ 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు చేరాయి. దాని మీద వచ్చింది 40 కోట్ల డాలర్లకు కాస్త పైన, అంతే. అయినా దేశం ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టలేదు. ఆ ఏడాది చివరికల్లా బంగారాన్ని విడిపించుకున్నారు కూడా.

ఆ చేదు అనుభవం తర్వాత రంగరాజన్ అధ్యక్షతన వేసిన కమిటీ ఏడాదిలోపు విదేశీ అప్పుల్ని గట్టిగా అదుపు చేయమంది. 1997 మార్చి చివరికి ప్రతి 100 డాలర్ల నిల్వకు మన స్వల్పకాలిక అప్పు 25 డాలర్ల దగ్గరికి దిగింది. సరిగ్గా అదే ఏడాది తూర్పు ఆసియా తగలబడింది.

1997: సియోల్‌లో ఏం జరిగింది

కొరియాను 1991 నాటి ఇండియాతో పోల్చకూడదు అనిపిస్తుంది. ఓడలు, కార్లు, చిప్‌లు తయారుచేసి ప్రపంచానికి అమ్మే దేశం. 1996 డిసెంబర్‌లో ధనిక దేశాల క్లబ్ లాంటి ఓఈసీడీలో చేరింది. ఏడాది తిరగకముందే, 1997 నవంబర్ 21న ఐఎంఎఫ్ సాయం కోరుతున్నట్టు ప్రకటించింది.

ఎలా జరిగింది? కొరియా సర్కారు విదేశీ అప్పుల తలుపు తెరిచింది గానీ తెరవాల్సిన తలుపు తెరవలేదు. దీర్ఘకాల అప్పులకు అనుమతుల బాదరబందీ అలాగే ఉంచి, ఏడాదిలోపు అప్పుల్ని తేలిక చేసింది. అవి వ్యాపార అవసరాలకేలే అనుకున్నారు. అప్పటికే చిన్న ఫైనాన్స్ కంపెనీల్ని మర్చంట్ బ్యాంకులుగా మార్చారు, వాటి సంఖ్య 30కి చేరింది. ఇవి విదేశాల్లో కొద్ది నెలల గడువుకు డాలర్లు తెచ్చి, ఉక్కు ఫ్యాక్టరీలకూ కార్ల ప్లాంట్లకూ ఏళ్ల గడువుకు ఇచ్చాయి. కొన్ని ఇంకో అడుగు వేసి ఇతర దేశాల బాండ్లు కొన్నాయి. మనం చెప్పుకున్న బిల్డింగాయన కథే ఇది.

1997 జనవరిలో హాన్‌బో అనే ఉక్కు సంస్థ కూలింది. జూలై 2న థాయ్‌లాండ్ తన కరెన్సీని వదిలేయడంతో అప్పిచ్చినవాళ్లందరూ ఆసియా అంతా ఒకసారి తిరిగి చూసుకున్నారు. బాసెల్ సంస్థ లెక్కల ప్రకారం 1997 జూన్ చివరికి విదేశీ బ్యాంకులకు కొరియా ఏడాదిలోపు తీర్చాల్సినది దాదాపు 7,000 కోట్ల డాలర్లు. నిల్వలు 3,400 కోట్లు. రెండింతలకు పైన. అదే లెక్కలో మలేసియా అప్పు నిల్వల్లో 61 శాతమే. మలేసియా కూడా దెబ్బ తింది గానీ ఐఎంఎఫ్ గుమ్మం ఎక్కలేదు. ఈ ఒక్క తేడాయే కారణమని చెప్పలేం, కానీ చిన్న తేడా కాదు.

కొరియా లెక్కలో రెండు దాచిన గదులు ఉన్నాయి. మొదటిది నిల్వల్లో. కేంద్ర బ్యాంకు తన డాలర్లలో పెద్ద భాగాన్ని కొరియా బ్యాంకుల విదేశీ బ్రాంచీల్లో డిపాజిట్ చేసింది. ఆ బ్రాంచీలు వాటితో తమ అప్పులు తీర్చుకుంటున్నాయి. కాగితం మీద ఆ డాలర్లు నిల్వే, అవసరానికి మాత్రం వెనక్కి రావు. నవంబర్ చివరికి ప్రకటించిన నిల్వ 2,440 కోట్లు ఉంటే, వాడుకోగలిగినది 730 కోట్ల దగ్గరే.

రెండో గది అప్పులో ఉంది. కొరియా బ్యాంకు లండన్ బ్రాంచి తెచ్చిన అప్పు లండన్‌లో తెచ్చినట్టా, కొరియా తెచ్చినట్టా? సంస్థ ఏ దేశంలో కూర్చుని ఉందో దాన్ని బట్టి లెక్కిస్తే ఆ అప్పు కొరియా ఖాతాలో కనపడదు. దాని అసలు యజమాని ఏ దేశమో చూసి లెక్కిస్తేనే బయటపడుతుంది. గండం వచ్చినప్పుడు అప్పిచ్చినవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది సియోల్‌కే కాబట్టి ఈ రెండో లెక్కే నిజానికి దగ్గర. రుణపత్రాల విషయంలో బాసెల్ సంస్థ ఈ రెండు రకాల లెక్కలూ ఇస్తుంది. రెండు దేశాల గ్రాఫులు పోల్చేటప్పుడు రెండూ ఒకే రకం లెక్కేనా అని ముందు చూసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు.

డిసెంబర్ 4న ఐఎంఎఫ్ 2,100 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఇతరులతో కలిపి హామీల మొత్తం 5,700 కోట్ల దాకా వెళ్లింది. అంత చెప్పినా డాలర్లు బయటికి పోవడం ఆగలేదు. ఏడాది కింద డాలర్‌కు 850 దగ్గర ఉన్న కొరియా వాన్ డిసెంబర్ చివరి వారంలో 2,000 దగ్గరికి పడింది. ఆగింది ఎప్పుడంటే, విదేశీ బ్యాంకుల్ని కూర్చోబెట్టి రోల్ ఓవర్‌కు ఒప్పించినప్పుడు. ఏడాదిలోపు తీర్చాల్సిన వాటిలో 2,000 కోట్ల డాలర్లకు పైగా అప్పును ఒకటి నుంచి మూడేళ్ల గడువుకు మార్చారు, సర్కారు హామీ ఇచ్చింది. అప్పు ఒక్క డాలర్ కూడా తగ్గలేదు, గడువు మాత్రమే మారింది. మంట చల్లారింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే. జనం ఇచ్చిన బంగారం విలువ 200 కోట్ల డాలర్లకు కాస్త పైన. ఆ త్యాగం చిన్నది కాదు, దేశం గుండె నిలబెట్టింది. కానీ లెక్క ప్రకారం దేశాన్ని ఒడ్డుకు చేర్చింది గడువు పెంచడమే. 2001 ఆగస్టులో కొరియా ఐఎంఎఫ్ అప్పు గడువుకు ముందే తీర్చేసింది.

ఒక మాట. పైన ఇండియాకు చెప్పిన 147 శాతం, కొరియాకు చెప్పిన రెండింతలు ఒకే టేపుతో కొలిచినవి కావు. మన లెక్క అప్పు తెచ్చిన రోజున పెట్టుకున్న గడువును బట్టి. కొరియా లెక్క ఇంకా మిగిలి ఉన్న గడువును బట్టి, అదీ బ్యాంకుల అప్పు వరకే. కాబట్టి కొరియా మనకంటే ఇంత శాతం అధ్వానం అని కచ్చితంగా చెప్పడానికి ఈ అంకెలు పనికిరావు. రెండూ ఎర్రగీత దాటాయి అని చెప్పడానికి మాత్రం చాలు.

ఈ గండాల తర్వాతే ఒక నియమం వాడుకలోకి వచ్చింది. అర్జెంటీనా ఆర్థికవేత్త పాబ్లో గిడోటి, అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్ 1999లో దీన్ని ముందుకు తెచ్చారు. కొత్తగా ఒక్క డాలర్ అప్పు పుట్టకపోయినా ఏడాది పాటు వాయిదాలు కట్టుకోగలిగేంత నిల్వ దేశం దగ్గర ఉండాలి. అంటే ఏడాదిలోపు అప్పు నిల్వల్లో 100 శాతం దాటకూడదు.

2008: కొరియాకు రెండోసారి

2008 సెప్టెంబర్ చివరికి కొరియా నిల్వలు దాదాపు 24,000 కోట్ల డాలర్లు, స్వల్పకాలిక అప్పు సుమారు 19,000 కోట్లు. నియమం ప్రకారం పాస్. అయినా వాన్ మళ్లీ కూలింది. ఈసారి అప్పు పెరగడానికి కారణం వింతగా ఉంటుంది. ఓడలు కట్టే కంపెనీలకు రెండు మూడేళ్ల తర్వాత డాలర్లు వస్తాయి. డాలర్ పడిపోతుందేమోనని వాటిని ముందే బ్యాంకులకు అమ్మేసుకున్నాయి. బ్యాంకులు తమ జాగ్రత్తకు విదేశాల్లో స్వల్పకాలానికి డాలర్లు అప్పు తెచ్చాయి. ఎవరికి వారు జాగ్రత్త పడ్డారు, దేశం మీద మాత్రం ఏడాదిలోపు అప్పు గుట్టలా పేరుకుంది. అక్టోబర్ 29న అమెరికా కేంద్ర బ్యాంకు 3,000 కోట్ల డాలర్ల వరకు ఇస్తానని మార్పిడి ఒప్పందం ప్రకటించాక ఊపిరి ఆడింది. తర్వాత 2010లో బ్యాంకుల మీద పరిమితులు, 2011లో స్వల్పకాలిక విదేశీ అప్పు మీద ప్రత్యేక రుసుము పెట్టారు.

అదే 2008 మార్చి చివరికి ఇండియాలో ఈ శాతం 15 దగ్గర ఉంది. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ వై.వి. రెడ్డి మన తెలుగాయనే. అంతర్జాతీయ బ్యాంకులు తలుపులు బార్లా తెరవమని ఒత్తిడి చేస్తుంటే మొండికేస్తున్నారని ఆయన్ని విమర్శించినవాళ్లు ఉన్నారు. 1991లో ఆయన ఢిల్లీలో ఆర్థిక శాఖలో ఉండి ఆ గండాన్ని దగ్గర నుంచి చూశారని గుర్తుంటే ఆ మొండితనం అర్థమవుతుంది.

2013: రియాల్ 18 దాటిన రోజులు

మన గీత కిందే ఉండిపోలేదు. 2001లో 9 శాతం లోపుకు దిగిన నిష్పత్తి 2013 మార్చికి 33 శాతానికి ఎక్కింది. ఇందులో కొంత పెరుగుదల లెక్క మారడం వల్ల వచ్చింది. ఆరు నెలల లోపు దిగుమతి ఉద్దెరను, విదేశీ పెట్టుబడి సంస్థలు కొనే ట్రెజరీ బిల్లుల్ని 2005 నుంచి ఇందులో కలిపారు. పాత అంకెల పక్కన కొత్తవి పెట్టి 'ఇన్ని రెట్లు పెరిగింది' అనేవాళ్లు ఈ సంగతి చెప్పరు. అయినా పెరుగుదల నిజమే. ఎప్పుడో తెచ్చి ఆ ఏడాదిలో గడువు తీరబోతున్న పాత అప్పుల్ని కూడా కలిపితే 33 శాతం కాస్తా 59 శాతం అయింది.

అమెరికా కేంద్ర బ్యాంకు డాలర్ల ధారను తగ్గిస్తాననే మాట 2013 మేలో అనగానే రూపాయి జారడం మొదలైంది. మేలో 54 దగ్గరున్న డాలర్ ఆగస్టు 28న 68 దాటింది. రియాల్‌ను 3.75కు ఒక డాలర్‌గా కట్టేశారు కాబట్టి 14 రూపాయల పైన ఉన్న రియాల్ 18 దాటింది. రూపాయి పడినప్పుడు మన ఇళ్లలో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. రియాద్‌లో ఉన్న అబ్బాయి పంపే వెయ్యి రియాళ్లకు నాలుగు వేల దాకా ఎక్కువ వచ్చిన ఇల్లు ఒకటి. అమెరికాలో చదివే పిల్లకు ఫీజు కట్టాల్సిన ఇల్లు ఇంకొకటి. పెట్రోల్, వంటనూనె దగ్గరికి వచ్చేసరికి రెండిళ్లూ ఒకటే.

అప్పటి గవర్నర్ దువ్వూరి సుబ్బారావు, ఆయన తర్వాత సెప్టెంబర్‌లో వచ్చిన రఘురామ్ రాజన్. రాజన్ రాగానే ఒక పథకం ప్రకటించారు. ప్రవాస భారతీయులు విదేశీ కరెన్సీలోనే కనీసం మూడేళ్లకు డిపాజిట్ వేయాలి, ఆ డాలర్లను రిజర్వు బ్యాంకు చౌక రేటుకు మార్చి ఇస్తుంది. నవంబర్ చివరికల్లా డిపాజిట్లుగా 2,600 కోట్ల డాలర్లు, బ్యాంకుల ఇతర అప్పులతో కలిపి 3,400 కోట్ల డాలర్లు వచ్చాయి. 1991లో భయపడి వెళ్లిపోయిన ప్రవాసుల డబ్బే 2013లో ఊపిరి పోసింది. అందులో చాలా భాగం పెద్ద ఆస్తిపరులు అప్పు చేసి మరీ వేసిన డబ్బు అన్నది వేరే సంగతి. గల్ఫ్‌లో కూలి చేసేవాళ్ల పాత్ర డిపాజిట్ల కంటే నెలనెలా ఇంటికి పంపే సొమ్ములో ఎక్కువ. దాన్ని ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు, అది అప్పు కాదు.

ఈ డిపాజిట్లే ఆ రెండు రకాల గడువుల తేడాను చక్కగా చూపిస్తాయి. 2013లో వచ్చిన రోజున అవి మూడేళ్ల డబ్బు, కాబట్టి దీర్ఘకాలిక అప్పు కింద రాసుకున్నారు. 2015 చివరికి ఆ డబ్బే ఏడాదిలోపు కట్టాల్సినదిగా మారింది. ఎవరూ కొత్త అప్పు చేయలేదు, క్యాలెండర్ తిరిగింది అంతే. మొదటి రకం లెక్క మాత్రమే చూసేవాళ్లకు ఈ మార్పు కనిపించనే లేదు. రిజర్వు బ్యాంకు మాత్రం చూసింది. గడువు నాటికి అందేలా ముందుగానే డాలర్లు కొని పెట్టుకుంది. 2016 సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు ఆ 2,600 కోట్ల డాలర్లు వెనక్కి వెళ్లిపోయాయి. సరిగ్గా ఆ నవంబర్‌లోనే పెద్ద నోట్లు రద్దయి దేశమంతా ఏటీఎంల ముందు నిలబడి ఉంది, దేశం నుంచి అంత డబ్బు బయటికి వెళ్లిన సంగతి క్యూలో ఎవరి చెవినా పడలేదు.